యుద్ధం అయ్యాక సైన్యం నిజంగా మారిందో లేదో ఎక్కడ చూస్తే తెలుస్తుంది?

యుద్ధం అయ్యాక ఒక దేశం మిలిటరీ డాక్ట్రిన్, అంటే యుద్ధం ఎలా చేయాలన్న సైన్యం పద్ధతి, ఎలా మారుతుంది, ఓడినవాళ్ళే బాగా నేర్చుకుంటారన్న మాట నిజమేనా, డ్రోన్లొచ్చాక ఇంక ట్యాంకుల పని అయిపోయినట్టేనా అని అడిగారు. మూడూ ఒకదానికొకటి ముడిపడ్డవే కాబట్టి కలిపే చెప్తా, కాస్త పొడుగవుతుంది, ఓపిక చేసుకోండి. నేను సర్వీసులో ఎక్కువ కాలం ట్రైనింగ్ వైపే ఉన్నా, అందుకని నా చూపు అటు నుంచే ఉంటుంది. ఏ మిసైల్ రేంజి ఎంత, ఏ ట్యాంకు బరువెంత లాంటివి నాకంటే బాగా చెప్పేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు.

డాక్ట్రిన్ మారిందంటే చాలామంది ఒక కొత్త పుస్తకం రిలీజ్ అయిందని, దానికో గంభీరమైన పేరు పెట్టారని అనుకుంటారు. యుద్ధం అయ్యాక పుస్తకం అందరూ రాస్తారండి, ఓడినోళ్ళూ రాస్తారు గెలిచినోళ్ళూ రాస్తారు. నేనైతే మూడు చూస్తా, ప్రమోషన్ ఎలాంటోళ్ళకి వస్తోంది, ఎక్సర్‌సైజుల్లో దేన్ని ప్రాక్టీస్ చేయిస్తున్నారు, డబ్బు దేనికి పోతోంది. ఈ మూడూ పాత దారిలోనే నడుస్తుంటే పైన హెడ్‌క్వార్టర్స్‌లో ఎంత కొత్త పుస్తకం పెట్టినా కింద బెటాలియన్‌లో జరిగేది పాతదే.

కానీ వీటన్నిటికన్నా ముందు ఒక గొడవ ఉంటుంది, అసలు యుద్ధంలో ఏం జరిగిందనేది ఎవరు రాయాలి, రాసింది ఎవరు చదవొచ్చు అని. సగం దేశాలు ఇక్కడే ఆగిపోతాయి. మొదటి ప్రపంచ యుద్ధం 1918లో అయిపోతే బ్రిటిష్ సైన్యం దాని పాఠాల మీద పద్ధతిగా ఒక కమిటీ వేసింది 1932లో, కిర్క్ కమిటీ అంటారు. పద్నాలుగేళ్ళు! కమిటీ పాపం నిక్కచ్చిగానే రాసింది, సైన్యంలో పంచేటప్పుడు మాత్రం ఘాటు తగ్గించి పంచారు. అదే ఓడిపోయిన జర్మనీలో హాన్స్ ఫాన్ జేక్ట్ అనే జనరల్ 1919 డిసెంబర్‌కల్లా 57 కమిటీలు వేశాడు, 400 మందికి పైగా ఆఫీసర్లు వాటిల్లో కూర్చున్నారు. వాళ్ళకిచ్చిన ప్రశ్నలు చూడండి. మనం ముందు ఊహించని పరిస్థితులు ఏమొచ్చాయి, యుద్ధానికి ముందు మనం నమ్మిన పద్ధతులు వాటిలో ఎంతవరకు పనిచేశాయి, కొత్త ఆయుధాల వల్ల ఏ కొత్త పద్ధతులు పుట్టాయి, ఇంకా జవాబు దొరకని సమస్యలేంటి. నాకు ఆ ఆఖరిది బాగా నచ్చుతుంది, ఎందుకంటే ఏ సైన్యమైనా దొరికిన జవాబులు రాసుకోడానికి రెడీగా ఉంటుంది గానీ మాకు ఇది తెలియలేదు అని అధికారికంగా కాగితం మీద పెట్టమంటే చేతులు రావు.

ఇంకో సంగతి, వెర్సాయ్ ఒప్పందం వల్ల వాళ్ళకి లక్ష మంది సైన్యమే మిగిలింది, ఆఫీసర్లు 4,000 మంది, ట్యాంకులు పెట్టుకోకూడదు, విమానాలు పెట్టుకోకూడదు, యుద్ధ ప్రణాళికలు వేసే జనరల్ స్టాఫ్ ఉండకూడదు. ఏ 4,000 మందిని ఉంచుకోవాలి అన్న దగ్గరే డాక్ట్రిన్ సగం తేలిపోయింది, జేక్ట్ స్టాఫ్ ఆఫీసర్లకి పెద్దపీట వేశాడు, అంటే యుద్ధాన్ని కూర్చుని స్టడీ చేసేవాళ్ళే సైన్యానికి వెన్నెముక అయ్యారు. ట్యాంకుల ట్రైనింగ్‌కి గుట్టుచప్పుడు కాకుండా సోవియట్ యూనియన్‌లో కజాన్ దగ్గర స్కూలు నడిపారు, 1929 నుంచి 1933 దాకా. చేతిలో ట్యాంకు లేనప్పుడే ట్యాంకుని ఎలా వాడాలో ఆలోచించారన్నమాట. ఆ తెలివంతా చివరికి ఏ దుర్మార్గానికి ఉపయోగపడిందో అందరికీ తెలిసిందే. డాక్ట్రిన్ బాగుండటం వేరు, దేశం బాగుండటం వేరు.

మరి గెలిచిన ఫ్రాన్స్? వాళ్ళని చేతకానోళ్ళని తీసిపారేస్తుంటారు, నేను ఒప్పుకోను. 13 లక్షల మందికి పైగా చనిపోయిన దేశం అది, మళ్ళీ అంత రక్తం పెట్టలేమన్నది వాళ్ళ లెక్కలో మొదటి అంకె. పైగా 1928లో నిర్బంధ సైనిక సేవని ఒక్క ఏడాదికి తగ్గించారు, ఏడాదిలో కుర్రాడికి ఎంత నేర్పగలం, కాబట్టి అడుగడుగూ పైనుంచి ఆర్డర్ వచ్చి, ఫిరంగులు ముందు దంచి, పదాతిదళం లెక్క ప్రకారం కదిలే పద్ధతి పెట్టుకున్నారు. జర్మనీ సరిహద్దున కట్టిన కోటల వరస మాజినో లైన్ కూడా ఆ ఆలోచనలో భాగమే. కారణాలన్నీ సబబుగానే ఉన్నాయి కదా? అసలు చిక్కు 1935లో వచ్చింది, సర్వీసులో ఉన్న ఆఫీసర్ ఎవరైనా ఆర్టికల్ రాయాలన్నా లెక్చర్ ఇవ్వాలన్నా పై నుంచి పర్మిషన్ కావాలని ఫ్రెంచ్ ఆర్మీ చీఫ్ జనరల్ గామ్‌లాఁ రూల్ పెట్టాడు, డాక్ట్రిన్ అంటే హైకమాండ్ చెప్పిందే డాక్ట్రిన్. ఇక ఎవడు మాట్లాడతాడు? 1940 మే 13న జర్మన్లు సెడాన్ దగ్గర మ్యూజ్ నది దాటుతుంటే పారిస్ పక్కన వాన్‌సెన్‌లో ఉన్న గామ్‌లాఁ హెడ్‌క్వార్టర్స్‌లో రేడియో సెట్ లేదు. టెలిఫోన్లు, మోటార్‌సైకిళ్ళ మీద తిరిగే వార్తాహరులే. నిదానంగా నడిచే యుద్ధానికి అది చాలు, వాళ్ళు కట్టుకున్న డాక్ట్రిన్‌కి తగ్గ ఏర్పాటే అది, వచ్చిన యుద్ధమే వేరు.

కాబట్టి ఓడితే నేర్చుకుంటారు, గెలిస్తే పాడవుతారు అని తేలిగ్గా చెప్పలేం. ఓటమి తలుపు తడుతుంది, అంతే, తీసేవాడు ఉండాలి. మన 1962నే తీసుకోండి. చైనా దెబ్బ తర్వాత డబ్బు వచ్చింది, 8,25,000 మంది సైన్యం, 10 మౌంటెన్ డివిజన్లు అని టార్గెట్ పెట్టుకున్నారు, కొండల్లో కొట్లాడే సైన్యం నిజంగానే తయారైంది, అది చిన్న విషయం కాదు. కానీ ఆ ఓటమి మీద లెఫ్టినెంట్ జనరల్ హెండర్సన్ బ్రూక్స్, బ్రిగేడియర్ భగత్ కలిసి 1963లో ఇచ్చిన రిపోర్టుని ప్రభుత్వం ఇప్పటికీ అధికారికంగా బయటపెట్టలేదు, 2014లో కొంత భాగం ఇంటర్నెట్‌లో లీకైంది. అంటే మనుషులు, తుపాకులు, బూట్లు, కోట్లు అన్నీ మారాయి, ఢిల్లీలో నిర్ణయాలు ఎలా జరిగాయి, ఎవరు ఎవరి మాట వినలేదు అనే ముక్క మాత్రం బీరువాలో ఉండిపోయింది. వస్తువుల పాఠం తొందరగా ఒంటబడుతుంది, నిర్ణయాల పాఠం పట్టదు.

1967 - 1973 మధ్య ఈజిప్టు, ఇజ్రాయెల్ కథ ఈ విషయానికి సరిగ్గా సరిపోతుంది. 1967లో ఆరు రోజుల్లో గెలిచిన ఇజ్రాయెల్ మనల్ని గెలిపించింది ట్యాంకులు, ఎయిర్‌ఫోర్సు అని తేల్చుకుంది, డబ్బంతా అటే పోయింది, ట్యాంకుల పక్కన నడిచే పదాతిదళం, మోర్టార్లు వెనకబడ్డాయి. ఓడిన ఈజిప్టు ఏం చేసిందంటే, మనం ఎయిర్‌ఫోర్సులో వాళ్ళతో తూగలేం, గబగబా కదిలే ట్యాంకు యుద్ధంలోనూ తూగలేం, ఇవి రెండూ ఒప్పేసుకుందాం అనుకుంది. అలా ఒప్పుకుని, సూయజ్ కాలువ దాటి మన విమాన విధ్వంసక మిసైళ్ళ గొడుగు కింద ఎంత నేల వస్తే అంతే పట్టుకుని కూర్చుందాం అని చిన్న లక్ష్యం పెట్టుకుంది. చదువుకున్న కుర్రాళ్ళని సైన్యంలోకి తీసుకుని, ఒక్కో సైనికుడికి ఒక్కో పని, అదే పని వందల సార్లు చేయించింది.

సూయజ్ కాలువ అవతలి గట్టున ఇజ్రాయెల్ కట్టిన ఇసుక కరకట్ట కొన్నిచోట్ల ఇరవై మీటర్ల ఎత్తుండేది. బాంబులు పెట్టి పేల్చి చూశారు, ఇసుక మళ్ళీ జారి గోతిలోనే పడేది. చివరికి అస్వాన్ డ్యామ్ కట్టినప్పుడు నీటి జెట్లతో ఇసుకని తరలించడం చూసిన ఒక ఇంజనీర్ ఆఫీసర్, బాకీ జాకీ యూసఫ్, కాలువ నీళ్ళనే పంపులతో కొట్టి కరిగిద్దాం అన్నాడు. హై ప్రెషర్ పంపులు బయటి దేశాల నుంచి తెప్పించారు, 1973 అక్టోబర్ 6న కొన్ని గంటల్లోనే కట్టకి గండ్లు పడ్డాయి, వంతెనలు పడ్డాయి. రెండు రోజుల తర్వాత పదాతిదళం లేకుండా ఒంటరిగా దూసుకొచ్చిన ఇజ్రాయెల్ ట్యాంకులని ఈజిప్టు సైనికులు భుజాన మోసుకొచ్చిన సాగర్ (Sagger) అనే సోవియట్ ట్యాంకు విధ్వంసక మిసైళ్ళతో కొట్టారు. అదే ఈజిప్టు అక్టోబర్ 14న సిరియా మీద ఒత్తిడి తగ్గించడానికని ఆ గొడుగు దాటి ముందుకెళ్ళింది, ఒక్కరోజులో రెండొందలకి పైగా ట్యాంకులు పోగొట్టుకుంది. అంటే డాక్ట్రిన్ సరిగ్గా రాసుకున్నోళ్ళు కూడా పైనుంచి రాజకీయం వచ్చి దాటమంటే దాటాల్సిందే, ఇది పుస్తకాల్లో ఎక్కువ కనపడదు.

ఇజ్రాయెల్ ఆ తర్వాత ఈ వైఫల్యం మీద విచారణకి అగ్రనాట్ కమిషన్ వేసింది, ఆర్మీ చీఫ్ ఎలాజర్ రాజీనామా చేశాడు, మిలిటరీ ఇంటెలిజెన్స్‌లో అందరూ ఔనన్నదాన్ని కాదని వాదించడమే డ్యూటీగా ఒక విభాగం పెట్టారు. బ్రహ్మాండమైన ఏర్పాటే. ఆ విభాగం ఉండగానే 2023 అక్టోబర్ 7న హమాస్ దాడి జరిగింది. కుర్చీ వేయడం ఒక ఎత్తు, ఆ కుర్చీలోంచి వచ్చిన మాట విని ప్లాన్ మార్చుకునే బాస్ ఉండటం ఇంకో ఎత్తు.

ఇప్పుడు అమెరికా, నేను ఎక్కువ చెప్పాలనుకున్నది ఇదే. వియత్నాం నుంచి బయటికొచ్చేసరికి ఆ సైన్యం క్రమశిక్షణ లేక, డ్రగ్స్‌తో, జాతి గొడవలతో కుళ్ళిపోయి ఉంది, 1973లోనే నిర్బంధ సేవ ఎత్తేశారు. అదే ఏడాది జూలైలో ట్రైనింగ్‌కీ డాక్ట్రిన్‌కీ కలిపి ట్రాడాక్ అనే ఒక పెద్ద కమాండ్ పెట్టారు, జనరల్ డిపూయ్ చేతికిచ్చారు. మూడు నెలలకే అరబ్-ఇజ్రాయెల్ యుద్ధం, ఆ కొద్ది వారాల్లో రెండువైపులా పోయిన ట్యాంకులు కలిపితే యూరప్‌లో అమెరికా సైన్యం దగ్గరున్న మొత్తం ట్యాంకుల కన్నా ఎక్కువే. డిపూయ్ మనుషుల్ని ఇజ్రాయెల్ పంపి ఆ నేల మీద నడిపించాడు. 1976లో కొత్త మాన్యువల్ వచ్చింది, యాక్టివ్ డిఫెన్స్ అన్నారు, యుద్ధంలో మొదటి పోరే గెలవాలి, డిఫెన్స్ గట్టిగా ఉండాలి, ఎన్ని ఫిరంగులకి ఎన్ని అని లెక్కలు. వచ్చిన దగ్గర్నుంచి సొంత ఆఫీసర్లే ఆ మాన్యువల్‌ని ఉతికి ఆరేశారు, మిలిటరీ జర్నళ్ళలో మేజర్లు, కల్నల్‌లు పేరు పెట్టి మరీ రాశారు, ఇది మరీ డిఫెన్సివ్, సోవియట్ల రెండో వరస వస్తే ఏం చేస్తారు అని. ఎవరి నోరూ మూయలేదు. డిపూయ్ తర్వాత వచ్చిన జనరల్ స్టారీ ఆ విమర్శలు తీసుకుని పని మొదలుపెట్టాడు, 1982లో ఎయిర్‌లాండ్ బ్యాటిల్ అని కొత్త మాన్యువల్ వచ్చింది, వెనక వస్తున్న రెండో వరసని విమానాలతో, హెలికాప్టర్లతో దూరంలోనే కొట్టాలి, కింది కమాండర్ చొరవ తీసుకోవాలి అని. ఆరేళ్ళలో తన పుస్తకాన్ని తనే పక్కన పెట్టిన సైన్యం అది. గామ్‌లాఁ రూల్‌తో దీన్ని పోల్చి చూడండి.

కానీ పుస్తకం కాదు అసలు మార్పు, కాలిఫోర్నియాలో మొహావి ఎడారిలో ఫోర్ట్ ఇర్విన్ దగ్గర తెరిచిన నేషనల్ ట్రైనింగ్ సెంటర్. అక్కడ ఒక పర్మనెంట్ శత్రుదళం ఉంటుంది, అప్పట్లో సోవియట్ పద్ధతిలో కొట్లాడేది, ఆ నేల వాళ్ళకి అరచేతిలో గీతల్లా తెలుసు, అందుకని బయటి నుంచి వచ్చిన యూనిట్ ఎక్కువసార్లు ఓడిపోతుంది. తుపాకులకీ ట్యాంకులకీ లేజర్లు, సెన్సర్లు, ఎవడు ఎవణ్ణి ఎప్పుడు కొట్టాడో రికార్డవుతుంది. ఓడిపోయాక అదే రోజు ఆఫ్టర్ యాక్షన్ రివ్యూ. బెటాలియన్ కమాండర్ తన కింది కుర్ర లెఫ్టినెంట్ల ముందే కూర్చుంటాడు, నీ రెండో కంపెనీ ఆ కొండ వెనక నలభై నిమిషాలు ఎందుకు ఆగిపోయింది అని రివ్యూ నడిపేవాడు అడిగితే, ఆర్డర్ రాలేదు సార్ అని ఆ లెఫ్టినెంటే లేచి చెప్తాడు, ఇంతలో స్క్రీన్ మీద రేడియో లాగ్ కనపడుతూ ఉంటుంది, కమాండర్ బుకాయించడానికి లేదు. మన దగ్గరా ఎక్సర్‌సైజు అయ్యాక సాండ్ మోడల్ చుట్టూ డీబ్రీఫ్ జరుగుతుంది, బాగా జరిగేవీ చూశా, అందరూ బాస్ మొహం చూసి మాట్లాడేవీ చూశా. ప్రమోషన్‌ని తేల్చే ఏటా రిపోర్టు, ఏసీఆర్, రాసేవాడు ఎదురుగా కూర్చుని ఉండగా మీ ప్లాన్‌లోనే తప్పుంది సార్ అని కెప్టెన్ అనగలిగాడా లేదా, అదండీ డాక్ట్రిన్ మారడానికి గీటురాయి.

ప్రమోషన్ సంగతి కూడా అక్కడిదే చెప్తా. 1980లో ఇరాన్‌లో బందీలను విడిపించడానికి వెళ్ళిన ఆపరేషన్ ఫెయిలైంది, ఎనిమిది హెలికాప్టర్లు బయల్దేరితే పనికొచ్చేవి ఐదే మిగిలాయి, కనీసం ఆరు కావాలి, వెనక్కి వచ్చేటప్పుడు ఎడారిలో ఒక హెలికాప్టరు విమానాన్ని గుద్ది ఎనిమిది మంది చనిపోయారు. ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్సు, మెరీన్లు ఎవరి వాటా వాళ్ళు పట్టుకుని వచ్చారు, కలిసి పూర్తిగా రిహార్సల్ చేసింది లేదు. మూడేళ్ళకి గ్రెనడా అనే కరీబియన్ ద్వీపంలో గెలిచారు గానీ కమ్యూనికేషన్ల కంపు మళ్ళీ బయటపడింది. 1986లో కాంగ్రెస్ గోల్డ్‌వాటర్-నికోల్స్ చట్టం తెచ్చి, జనరల్ కావాలంటే వేరే దళాలతో కలిసి పనిచేసే జాయింట్ పోస్టింగ్ చేసుండాలి అని పెట్టింది. అంతవరకు జాయింట్ పోస్టింగ్ అంటే కెరీర్ చచ్చిపోయే చోటు అనుకున్న వాళ్ళే లైన్ కట్టారు. పదేళ్ళ ఉపన్యాసాలు చేయలేనిది ఒక్క ప్రమోషన్ రూలు చేసింది.

ఇంత గొప్పగా మారిన ఆ సైన్యమే ఒక మూల మాత్రం కావాలని ఊడ్చేసింది, వియత్నాంలో చేసిన గెరిల్లాలని ఎదుర్కొనే యుద్ధం. మళ్ళీ ఆ జోలికి పోం కదా అని. 2003లో ఇరాక్‌లో దిగాక అదే నెత్తిన పడింది, కొత్త మాన్యువల్ రావడానికి 2006 డిసెంబర్ అయింది.

ఇక మన దేశానికి వస్తే కార్గిల్ దగ్గర పద్ధతి మారింది. యుద్ధం 1999 జూలై 26న అయిపోతే 29న కె. సుబ్రహ్మణ్యం గారి అధ్యక్షతన కమిటీ వేశారు, కొన్ని భాగాలు తీసేసినా రిపోర్టుని పార్లమెంటులో పెట్టారు. చలికాలంలో ఖాళీ చేసే పోస్టులు ఇప్పుడు ఖాళీ చేయట్లేదు, లేహ్‌లో 14 కోర్ పుట్టింది, డిఫెన్స్ ఇంటెలిజెన్స్ ఏజెన్సీ, సాంకేతిక నిఘా సంస్థ ఎన్టీఆర్ఓ వచ్చాయి. చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్ ఉండాలని 2001లో మంత్రుల బృందం చెప్పింది, మొదటి సీడీఎస్‌గా జనరల్ బిపిన్ రావత్ చార్జ్ తీసుకుంది 2020 జనవరి 1న. కొత్త కోర్ అయితే నెలన్నర కూడా పట్టలేదు, అధికారం పంచుకోవాల్సిన పోస్టుకి పద్దెనిమిదేళ్ళు పైనే పట్టింది. ఏ దేశంలోనైనా ఈ తేడా ఉంటుంది, మనకొక్కళ్ళకే కాదు.

యుద్ధం జరగకుండా కూడా డాక్ట్రిన్ మారుతుంది, ఆపరేషన్ పరాక్రమ్ దానికి ఉదాహరణ. 2001 డిసెంబర్ 13న పార్లమెంటు మీద దాడి, సైన్యాన్ని బోర్డర్‌కి కదిపారు, అంబాలా, మథుర, భోపాల్‌లలో ఉండే స్ట్రైక్ కోర్లు, అంటే శత్రువు మీదికి దాడికెళ్ళే పెద్ద దళాలు, సర్దుకుని సిద్ధమయ్యేసరికి మూడు వారాలు, ఈలోపు ముషారఫ్ టీవీలో ప్రసంగం చేశాడు, అమెరికా ఒత్తిడి వచ్చింది, కొట్టే టైం దాటిపోయింది. పది నెలలు అలాగే నిలబడి వెనక్కి వచ్చారు. దాని నుంచి 2004లో కోల్డ్ స్టార్ట్ అనే ఆలోచన పుట్టింది, పెద్ద కోర్ల కోసం ఎదురుచూడకుండా బోర్డర్ దగ్గరే చిన్న సమగ్ర దళాలు, కొద్ది రోజుల్లో లోపలికి కొద్దిగా వెళ్ళి ఆగడం. 2010లో ఆర్మీ చీఫ్ అలాంటిదేం లేదన్నారు, 2017లో ఇంకో చీఫ్ ఉందన్నారు. మన దగ్గర అది పూర్తిగా అమల్లోకి రాకముందే పాకిస్తాన్ దాన్ని సీరియస్‌గా తీసుకుని 2011లో నస్ర్ అనే 60 కిలోమీటర్ల చిన్న అణు మిసైల్ పరీక్షించింది. ఇది గుర్తుపెట్టుకోండి, మన పుస్తకం మనకన్నా శ్రద్ధగా చదివేవాడు అవతల ఉంటాడు. 2020 గల్వాన్ తర్వాత మథుర కోర్‌ని పాకిస్తాన్ వైపు నుంచి చైనా వైపు తిప్పారు, ఎడారిలో ట్యాంకులతో దూసుకెళ్ళడం నేర్చుకున్న ఫార్మేషన్‌ని కొండల వైపు తిప్పడమంటే మ్యాపు మీద బాణం తిప్పినంత తేలిక కాదు, బళ్ళు, ఫిరంగులు, ఊపిరితిత్తులు అన్నీ వేరేవి కావాలి.

డ్రోన్లు, ట్యాంకుల ప్రశ్న మిగిలింది. 1973లో సాగర్ మిసైళ్ళు చూసి ట్యాంకు చచ్చిందని అప్పుడూ రాశారు. చావలేదు, ఒంటరిగా తిరగడం మానేసింది, పక్కన పదాతిదళం, వెనక ఫిరంగులు, మోర్టార్లు పెట్టుకుని తిరిగింది. ఉక్రెయిన్‌లో ట్యాంకులు డ్రోన్ల వల్ల ఘోరంగా దెబ్బతింటున్నాయి, నిజమే, ఇప్పుడు ట్యాంకుని వెనకే దాచి పెట్టి దూరం నుంచి పేల్చే ఫిరంగిలా వాడుతున్నారు. కానీ అక్కడ రెండు పక్షాలకీ ఆకాశం మీద పట్టు లేదు, ఫ్రంట్ పెద్దగా కదలట్లేదు, ఆ పరిస్థితిలోంచి పుట్టిన పాఠాన్ని యథాతథంగా ఎత్తుకొచ్చి కొండల్లోనో సముద్రంలోనో పెడితే 1940 ఫ్రాన్స్ అవుతాం. ట్యాంకు పోతుందని నేను అనుకోవట్లేదు, డ్రోన్ సిగ్నల్‌ని అడ్డుకునే జామింగ్, డ్రోన్లని కొట్టే తుపాకీ లేని ట్యాంకు పోతుంది.

ఏ దేశం డ్రోన్ల పాఠం నిజంగా నేర్చుకుందో చూడాలంటే పరేడ్లో డ్రోన్లు లెక్కపెట్టకండి. ఉక్రెయిన్ యుద్ధం మధ్యలోనే 2024లో డ్రోన్లకి విడిగా ఒక దళం పెట్టేసింది, అంటే అందులో చేరినవాడికి దాంట్లోనే పైకెళ్ళే మెట్లున్నాయి. మన ఆర్మీ 2025 జూలైలో ఇన్‌ఫాంట్రీ బెటాలియన్లలో డ్రోన్ ప్లాటూన్లు పెడతామని చెప్పింది. మంచిదే, నేనైతే రెండు విషయాలు కనిపెట్టి చూస్తా. ఆ ప్లాటూన్‌కి సీఓ, అంటే బెటాలియన్ కమాండర్, తన మెరికల్లాంటి కుర్రాళ్ళని పంపుతున్నాడా, లేక రైఫిల్ కంపెనీలో వద్దనుకున్నవాళ్ళని తోస్తున్నాడా అనేది ఒకటి. ప్రాక్టీసులో పది డ్రోన్లు కూలితే ఆ కుర్రాడు ఎంక్వైరీకి సంజాయిషీ రాసుకుంటున్నాడా, లేక స్టోర్‌లోంచి ఇంకో పది తెచ్చుకుని మళ్ళీ ఎగరేస్తున్నాడా అనేది రెండోది.